బంకను తూచిన తక్కెడ, బిడ్డను తూచిన తక్కెడ

మన నల్లమల గూడేలకు తక్కెడ మొదట వచ్చింది సరుకు తూచడానికి. తపసి బంక, తేనె, ఉసిరికాయ, కుంకుడుకాయ, చింతపండు, సారపప్పు. సంతలో షావుకారు పట్టుకున్న తక్కెడ ఎటు మొగ్గుతుందో మన పెద్దలకు బాగా తెలుసు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి, తర్వాత దాని డిపోలు వచ్చాక తూకం కొంత కుదురుకుంది. మనిషి అడవిలో తిరిగి తెచ్చిన బంక కిలోలు, గ్రాముల లెక్కన కాగితం మీద పడింది. అదే గూడెంలో పుట్టిన పసిబిడ్డ తక్కెడ ఎక్కడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఈ ప్రత్యేక సంచికలో మన పాటల గురించి, జాతరల గురించి, పోరాటాల గురించి నాకంటే తెలిసినవాళ్లు రాస్తున్నారు. నేను గిరిజన బాలికల వసతి గృహంలో వార్డెన్‌ని. నెలకొకసారి పిల్లల బరువు తూచి రిజిస్టరులో రాయడం నా ఉద్యోగంలో భాగం. అందుకని నేను ఒక్క అంకె చరిత్ర రాస్తాను. ఆ అంకె 2.5. రెండున్నర కిలోలు.

బ్రిటిషు వాళ్ల కాలంలో మనల్ని కొలవలేదని అనలేం. ఎడ్గర్ థర్‌స్టన్ అనే మద్రాసు మ్యూజియం అధికారి, రంగాచారి సాయంతో, దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు 1909లో అచ్చు వేయించాడు. చెంచులు రెండో సంపుటంలో ఉంటారు. ఆయనకు కొలతలంటే మహా ఇష్టం. తల పొడవు, తల వెడల్పు, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు కొలిచి, వాటి నిష్పత్తి కట్టి, ఎవరు ఏ జాతో తేల్చాలని చూశాడు. మార్కాపురం, గిద్దలూరు, కంభం తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా చెంచుల కోసం మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక చెంచు ఆఫీసరును కూడా పెట్టింది. 1940లలో హైమెన్‌డార్ఫ్ కృష్ణకు అవతల అమ్రాబాదు పీఠభూమి చెంచుల మధ్య బతికి, 1943లో పెద్ద పుస్తకం రాశాడు. ఆయన రాతలో మనిషి కనిపిస్తాడు, అది వేరే సంగతి. కానీ మొత్తం మీద ఆ కాలపు ఆసక్తి అంతా పెద్దవాళ్ల మీదే. మన ముక్కులు కొలవడానికి మద్రాసు నుంచి సాధనాలు వచ్చాయి. పసిబిడ్డను తూచడానికి చిన్న స్ప్రింగు కాటా ఒక్కటి రాలేదు.

అసలు పుట్టిన బిడ్డను తూచాలన్న ఆలోచనే ప్రపంచంలో ఆలస్యంగా పుట్టింది. యూరప్‌లో పేరున్న వైద్యులే పుట్టిన బిడ్డ బరువు గురించి నమ్మశక్యం కాని అంకెలు పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. జర్మనీలో గోటింగెన్‌లో రోడరర్ అనే ఆచార్యుడు 1753లో నిజంగా బిడ్డల్ని తూచి, లెక్క రాసి, అవి అబద్ధాలని చూపించాడు. ఆ తర్వాత కూడా నూరేళ్లకు పైగా ఆసుపత్రుల్లో తూకం మామూలు అలవాటు కాలేదు. పారిస్‌లో పియేర్ బ్యుదాన్ 1892లో పసిబిడ్డల కోసం ప్రత్యేకంగా ఓపీ మొదలుపెట్టి, తల్లుల్ని వారం వారం రమ్మని, బిడ్డ పెరుగుదలను తూకంతో కనిపెట్టాడు. ఇప్పుడు మన అంగన్‌వాడీ టీచరు చేస్తున్న పనికి అదే మూలం అనుకోవచ్చు.

రెండున్నర కిలోల గీత గీసింది ఫిన్లాండు పిల్లల డాక్టరు ఆర్వో యిల్ప్పో. 1919, 1920 ప్రాంతాల్లో ఆయన 2500 గ్రాముల కంటే ఎక్కువ లేని బిడ్డల్ని నెలలు నిండనివాళ్ల కింద లెక్కించాడు. 1948లో ప్రపంచ ఆరోగ్య సభ దాన్నే తీసుకుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. బిడ్డ చిన్నగా పుట్టడానికి రెండు దారులున్నాయి. నెలలు నిండకముందే పుట్టడం ఒకటి, నెలలు నిండినా కడుపులో చాలినంత పెరగకపోవడం రెండోది. చలిదేశాల్లో తిండికి లోటులేని తల్లుల బిడ్డల విషయంలో మొదటిది ఎక్కువ. మనలాంటి చోట్ల రెండోది ఎక్కువ. రెండింటినీ కలిపి 'నెలలు తక్కువ బిడ్డ' అంటే తల్లి ఆకలి ఆ మాట వెనక దాక్కుంటుంది. అందుకే 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరు మార్చి 'తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ' అనడం మొదలుపెట్టింది. 1963లో అమెరికాలో లూలా లుబ్‌చెంకో ఏ వారానికి ఎంత బరువు ఉండాలో గీతలు గీసి చూపించింది. 1976లో నిర్వచనాన్ని ఇంకొంచెం సవరించి, 2500 గ్రాముల కంటే తక్కువ అయితేనే తక్కువ బరువు అన్నారు. సరిగ్గా రెండున్నర తూగిన బిడ్డ అప్పటి నుంచి గీతకు ఇవతలకు వచ్చింది. ఈ చిన్న సవరణ మన దగ్గర ఏం చేసిందో కొంచెం తర్వాత చెప్తాను.

తక్కెడ లేని రోజుల్లో మన అవ్వలకు ఏమీ తెలియదని అనుకుంటే పొరపాటు. బిడ్డ ఏడుపులో జీవం ఉందా, రొమ్ము పట్టి చప్పరిస్తున్నదా, పాలు తాగుతూ మధ్యలో అలసిపోయి వదిలేస్తున్నదా, అరికాళ్లు చల్లబడుతున్నాయా అని చూసేవాళ్లు. డాక్టర్లు ఇప్పుడు చెప్పేదీ అదే. తక్కువ బరువు బిడ్డకు ఒంట్లో కొవ్వు తక్కువ, వేడి నిలవదు. వేడి నిలవకపోతే ఉన్న శక్తి అంతా దానికే ఖర్చయి పాలు పీల్చే బలం ఉండదు, తాగకపోతే ఇంకా చల్లబడుతుంది. చివరికి ఏదో ఒక చీము జబ్బో, ఊపిరితిత్తుల జబ్బో పట్టుకుంటుంది. బిడ్డను గుడ్డలో చుట్టి తల్లి రొమ్ముకు ఆనించి పడుకోబెట్టడం మన గుడిసెల్లో ఎవరూ నేర్పకుండానే ఉంది. 1970ల చివర కొలంబియా దేశంలో బొగోటాలోని డాక్టర్లు ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డను తల్లి చర్మానికి ఆనించి ఉంచే పద్ధతి పెట్టారు. దానికి కంగారూ అని పేరు పెట్టి ఇప్పుడు మనకు శిక్షణ ఇస్తున్నారు. నేర్చుకుందాం, తప్పేముంది. కాకపోతే మన అవ్వ నవ్వుకుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం అవ్వల మాటకూ డాక్టర్ల మాటకూ పొత్తు కుదరలేదు. 'కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ తినొద్దు, బిడ్డ పెరిగితే కాన్పు కష్టం.' ఈ మాట మన గూడేల్లోనే కాదు, తండాల్లో, పల్లెల్లో అన్ని కులాల ఇళ్లల్లో విన్నదే. చదువుకున్నవాళ్లు దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తారు. నేను అలా అనలేను. పాలుట్ల నుంచో, అడవి లోపలి ఇంకో పెంట నుంచో యర్రగొండపాలెం రావాలంటే పూర్వం నడకే దారి. వానాకాలం వాగులు పొంగితే అదీ లేదు. ఎదగని వయసులో పెళ్లై, కటి ఎముక సన్నగా ఉన్న అమ్మాయికి పెద్ద బిడ్డ అడ్డం పడితే కత్తి పెట్టి తీసే డాక్టరు ఎక్కడున్నాడు? తల్లీ పోయేది, బిడ్డా పోయేది. చిన్న బిడ్డ అయితే కనీసం తల్లి దక్కేది. ఆ మాట వెనక ఎన్ని చావులు చూసిన అనుభవం ఉందో ఆలోచించండి. దారి లేని కాలానికి అది సరైన లెక్కే. దారి వచ్చి, అంబులెన్సు వచ్చి, ఆపరేషన్ థియేటర్ వచ్చిన తర్వాత కూడా అదే లెక్క నడుస్తుండటం ఇప్పటి సమస్య. మాట మారాలంటే ముందు ఆ దారి ప్రతి పెంటకూ నమ్మకంగా ఉండాలి. వాగు పొంగిన రాత్రి కూడా బండి వస్తుందని తెలిసిన అవ్వ కోడలికి ఇంకో ముద్ద పెడుతుంది.

బిడ్డను తూస్తే దిష్టి తగులుతుందనే భయం కూడా ఉంది. తమాషా ఏమిటంటే దేవుడి ముందు తూగడానికి మనకు భయం లేదు. మేడారంలో నిలువెత్తు బెల్లం తూచి 'బంగారం' అని అమ్మలకు ఇస్తాం. భయం తూకం మీద కాదు, ఆ అంకెను ఎవరు రాసుకుపోతారన్న దాని మీదనేమో అని నాకు అనిపిస్తుంది. సరుకు తూచిన షావుకారు తక్కెడ మీద పుట్టిన అపనమ్మకం అంత తొందరగా పోదు.

ఈ కథలో పెద్ద అధ్యాయం మన తెలుగు నేల మీదే జరిగింది. కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు వచ్చింది. తార్నాకలో ఉన్న అదే 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ. డాక్టర్ సి. గోపాలన్ నాయకత్వంలో అక్కడ పేద గర్భిణుల తిండి, రక్తం, వాళ్ల బిడ్డల బరువు మీద వరసగా పనులు జరిగాయి. లీలా అయ్యంగార్ ఆ పనిలో ముఖ్యురాలు. గర్భిణికి ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తే పుట్టే బిడ్డ బరువు మెరుగవుతుందని ఆమె, రాజలక్ష్మి కలిసి 1975లో ప్రచురించారు. రక్తహీనత నివారణ పథకం దేశంలో 1970లోనే మొదలైంది. ఏఎన్‌ఎం చేతిలో పెట్టే ఎర్ర మాత్ర, మా హాస్టల్లో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్ర ఆ దారిలోవే. మాత్ర మింగితే నల్లగా విరేచనం అవుతుందని, వికారంగా ఉంటుందని పిల్లలు కిటికీలోంచి విసిరేస్తుంటారు. అన్నం తిన్న తర్వాత, నా ఎదుటే మింగాలని నియమం పెట్టాక ఆ గొడవ తగ్గింది.

1980ల మొదట్లో అమెరికా ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్ ఒక వాదం తెచ్చాడు. పేద దేశాల్లో మనుషులు పొట్టిగా, చిన్నగా ఉన్నా చాలామంది ఆరోగ్యంగానే ఉన్నారు, తక్కువ తిండికి ఒళ్లు సర్దుకుంది, కాబట్టి ఆకలి లెక్కలు ఎక్కువ చేసి చూపిస్తున్నారని. గోపాలన్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. పొట్టి తల్లికి తక్కువ బరువు బిడ్డ పుడుతుంది, ఆ బిడ్డ ఆడపిల్ల అయితే పొట్టి తల్లి అవుతుంది, ఆమెకు మళ్లీ అలాంటి బిడ్డ. దీన్ని సర్దుబాటు అని పేరు పెట్టి ఊరుకుంటే పేదరికాన్ని ఒంటి లక్షణం చేసినట్టే అన్నది ఆయన వాదన సారం. ఇప్పటికీ 'చెంచులు సహజంగా చిన్న మనుషులు, వాళ్ల బిడ్డలకు రెండున్నర ఎందుకు' అనే మాట నేను శిక్షణ తరగతుల్లో విన్నాను. థర్‌స్టన్ కొలబద్ద ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉంది.

1970 ఫిబ్రవరిలో మన జిల్లా ఏర్పడింది. కర్నూలు నుంచి మన పడమటి తాలూకాలు అందులోకి వచ్చాయి. 1970ల మధ్యలో చెంచుల్ని ఆదిమ గిరిజన తెగగా గుర్తించి, శ్రీశైలం కేంద్రంగా ఐటీడీఏ పెట్టారు. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలై, తర్వాత ఏళ్లల్లో మెల్లగా మన మండలాలకు విస్తరించింది. కొక్కేనికి వేలాడే స్ప్రింగు కాటా, దానికి లాగులాంటి గుడ్డ సంచి, గోడకు పెరుగుదల చార్టు వచ్చాయి. కానీ అంగన్‌వాడీ కాటా ఎక్కేసరికి బిడ్డకు నెలలు గడిచేవి. కాన్పులు ఇంట్లో జరిగినంత కాలం పుట్టిన గంటలో తూకం అన్నది సాగలేదు.

ఇంట్లో పుట్టిన బిడ్డను ఇంట్లోనే తూచవచ్చని చూపించింది మన పొరుగున ఉన్న గడ్చిరోలి. తెలుగువాళ్లు, గోండులు కలిసి బతికే జిల్లా అది. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, కాన్పు ఇంటికి కాటాతో పంపారు. అక్కడ పుట్టిన ప్రతి పదిమందిలో నలుగురు రెండున్నర కిలోలకు లోపే ఉన్నారు. ఆసుపత్రి లేకుండా, ఇంటి దగ్గర వేడి, పాలు, శుభ్రత, అవసరమైన మందు చూసుకుంటేనే నవజాత శిశు మరణాలు అరవై శాతానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆశా కార్యకర్త కాన్పు తర్వాత మూడో రోజు, ఏడో రోజు, అలా నలభై రెండో రోజు దాకా ఇంటికి రావాలన్న ఇప్పటి నియమం 2011లో వచ్చింది. దాని పుట్టుక అక్కడే.

2005లో జననీ సురక్ష యోజన, అదే ఏడు మన రాష్ట్రంలో 108 వచ్చాయి. కాన్పులు ఆసుపత్రికి మళ్లాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి తొంభై ఆరు కాన్పులు ఆసుపత్రిలోనే. ఇది చిన్న మార్పు కాదు. అంటే ఇప్పుడు దాదాపు ప్రతి బిడ్డకూ ఒక అంకె ఉంది. అదే సర్వేలో, దేశం మొత్తం మీద తూచిన బిడ్డల్లో పద్దెనిమిది శాతం రెండున్నర కిలోల లోపు.

ఇక ఆ అంకె సంగతి. చేరికల సమయంలో పిల్లల తల్లులు తెచ్చే కాగితాల్లో తమ్ముళ్ల, చెల్లెళ్ల తల్లీబిడ్డ కార్డులు కూడా వస్తుంటాయి. బరువు గడిలో 2.5 అని ఎన్నిసార్లు కనిపిస్తుందో. 2.5, 2.5, 3.0, మళ్లీ 2.5. ప్రకృతి ఇంత గుండ్రంగా పని చేయదు. 2.37, 2.64 ఎక్కడికి పోయాయి? ఇది మన ఒక్క ప్రాంతపు జబ్బు కూడా కాదు, చాలా దేశాల రికార్డుల్లో గుండ్రటి అంకెల దగ్గర ఇలాగే కుప్ప పడుతుంది. కొంత కాటా లోపం, ముల్లు రెండు గీతల మధ్య ఆడుతుంటుంది. కొంత గుడ్డతో సహా తూచడం. నూట యాభై గ్రాముల గుడ్డ ఒక బిడ్డను గీత దాటించగలదు. కొంత మాత్రం ఎవరూ ప్రశ్నించకూడదని రాసే అంకె. 2.5 రాస్తే 'లోపు' కాదు కదా, నిర్వచనం ప్రకారం మామూలు బిడ్డే. నేను చూసిన ఒక కార్డులో పుట్టిన రోజు 2.5 అని, నెల రోజులకు 2.4 అని ఉంది. పుట్టిన మొదటి రోజుల్లో ఏ బిడ్డైనా కాస్త తగ్గి, పది రోజులకు మళ్లీ పాత బరువుకు రావాలి. నెలకూ రాలేదంటే ఆ బిడ్డ జబ్బుగా ఉందా, పాలు చాలలేదా, లేక మొదటి అంకే అబద్ధమా? మూడిట్లో ఏదైనా, 'తక్కువ బరువు' అని రాసి ఉంటే దొరికే అదనపు చూపు ఆ బిడ్డకు దొరకలేదు. ఆ రెండో పుట్టినరోజు చూడని పిల్లవాడి అక్క ఇప్పుడు మా దగ్గర ఎనిమిదో తరగతి.

బిడ్డ బరువు తల్లి చేసే పనితో కూడా ముడిపడి ఉంది. పశ్చిమ ప్రకాశం తండాల నుంచి, గూడేల నుంచి ఏటా మిరపకాయ కోతలకు గుంటూరు, పల్నాడు వైపు బళ్లు కదులుతాయి. కడుపుతో ఉన్నవాళ్లూ వెళ్తారు. ఎండలో వంగి కోత, సాయంత్రం పొయ్యి, రాత్రి పరదా కింద పడక. ఆఫ్రికాలో గాంబియా దేశపు పల్లెల్లో ఇలాంటి కరువు నెలల్లోనే గర్భిణులకు వేరుశెనగ కలిపిన బిస్కెట్లు రోజూ ఇచ్చి చూశారు. ఆ నెలల్లో పుట్టిన బిడ్డల బరువు సగటున రెండు వందల గ్రాములు పెరిగిందని 1997లో ప్రచురించారు. పుణె దగ్గర పల్లెల్లో చేసిన పరిశీలనలో ఆకుకూరలు, పాలు, పండ్లు ఎక్కువసార్లు తిన్న తల్లుల బిడ్డలు మెరుగ్గా తూగారు. బరువు పని ఎక్కువ చేసిన తల్లుల బిడ్డలు తక్కువ తూగారు. అడవి లోపల మలేరియా ఇంకో దొంగ. మాయలో చేరి బిడ్డకు అందాల్సింది దారిలోనే కాజేస్తుంది. తల్లి పేరు అంగన్‌వాడీ రిజిస్టరులో దోర్నాలలో ఉంటుంది, తల్లి మిరపచేనులో ఉంటుంది. గుడ్డు, పాలు ఆమె వెంట వెళ్లే ఏర్పాటు నాకింకా కనిపించలేదు.

పుట్టిన బరువు బతుకంతా వెంట వస్తుందని తెలిసింది కూడా పాత రిజిస్టర్ల వల్లే. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే చోట 1911 నుంచి మంత్రసానులు, నర్సులు బిడ్డల బరువు శ్రద్ధగా రాసి పెట్టారు. డేవిడ్ బార్కర్ బృందం దశాబ్దాల తర్వాత ఆ పుస్తకాలు వెతికి, చిన్నగా ఉన్న బిడ్డలే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువ పోయారని 1989లో చూపించింది. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ మన దేశపు చిన్న బిడ్డల్లో కండ తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ అని, చక్కెర జబ్బుకు అది తొలి మెట్టు కావచ్చని చెప్పాడు. ఒక నర్సు రాసిన నిజమైన అంకె ఎనభై ఏళ్ల తర్వాత పనికొచ్చింది.

మా రిజిస్టరులో ఉన్న అమ్మాయిల్లో కొందరు పదో తరగతి అయ్యాక ఇంటర్‌కు వెళ్తారు, కొందరు పెళ్లికి. ఆ సర్వే ప్రకారమే మన రాష్ట్రంలో ఇరవై దాటిన యువతుల్లో నూటికి ఇరవై తొమ్మిది మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పదిహేడేళ్ల తల్లి ఒళ్లు ఇంకా తనకోసం పెరుగుతుంటుంది. బిడ్డకు వాటా తగ్గుతుంది. ముప్పై ఎనిమిది కిలోలతో హాస్టల్ వదిలిన పిల్ల ఏడాదిలో కడుపుతో కనిపిస్తే, ఆ బిడ్డ తూకంలో కొంత మా వంటగది గరిటె మీద ఆధారపడినట్టే. అందుకని గుడ్డు రోజు గుడ్డు సగం చేసి పెడితే నేను ఊరుకోను. వంటమనిషికి నా మీద కోపం. ఉండనీ.

ఈ ఏడాది చేరికల నుంచి రిజిస్టరులో ఒక గడి పెంచాను: 'పుట్టినప్పటి బరువు'. కార్డు ఉన్నవాళ్లది కార్డు చూసి రాస్తున్నాం. లేనివాళ్ల తల్లిని అడుగుతున్నాం. ఒక చెంచు తల్లి కాసేపు ఆలోచించి, రెండు అరచేతులు దగ్గరగా పెట్టి, 'ఇంతే ఉండేదమ్మా, కుందేలు పిల్ల మాదిరి. వాళ్ల అవ్వ నెలరోజులు ఒళ్లో నుంచి దించలేదు' అంది. ఆ గడిలో అంకె రాయలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. పిల్ల ఇప్పుడు ఆరో తరగతి, నలభై కిలోల బియ్యం మూట పక్కన నిలబడి తన తూకం వంతు ఎప్పుడొస్తుందని అడుగుతున్నది.